మా పొదుపు సంఘంలో అప్పు తీసుకున్న సభ్యుడు ఐపీ (అప్పులు తీర్చలేనని కోర్టులో దివాలా అర్జీ) పెట్టాడు, ఇప్పుడు సంఘం ఏం చేయాలి?

పద్దుపుస్తకం
మాది 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన పొదుపు సంఘం. సభ్యులు 212 మంది. నెలకు తలా రెండు వందలు జమ చేస్తారు. ఆ డబ్బునే నూటికి రూపాయి వడ్డీకి అవసరమైనవాళ్లు తీసుకుంటారు. బ్యాంకు సొమ్ము ఒక్క రూపాయి కూడా లేదు. పదకొండేళ్లుగా పద్దులు రాస్తున్నది నేనే.

రెండేళ్ల కిందట ఒక సభ్యుడు ఎరువుల కొట్టు కోసం లక్షన్నర తీసుకున్నాడు. ఇంకా 1,18,000 బాకీ. మొన్న శుక్రవారం సీనియర్ సివిల్ జడ్జి కోర్టు నుంచి సంఘం పేరున నోటీసు వచ్చింది. ఐపీ పెట్టాడట. అతనికి అప్పు ఇచ్చినవాళ్ల జాబితాలో 34 పేర్లు, మొత్తం 61 లక్షలు. మాది 29వ నంబరు. ఆస్తి కింద చూపించింది నలభై సెంట్ల మెట్ట, ఒక పాత మోటారు సైకిలు.

ఆ బాకీ కంటే పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది. సంగతి ఊరంతా పాకింది. ఆదివారం వసూలుకు కూర్చుంటే 23 మంది వాయిదా కట్టలేదు. "అతను కోర్టు కాగితం చూపించి ఎగ్గొడితే మేము మాత్రం ఎందుకు కట్టాలి?" అని ముఖం మీదే అడిగారు. నలుగురు పొదుపు వెనక్కి ఇమ్మని అర్జీ ఇచ్చారు. జామీను సంతకాలు పెట్టిన ఇద్దరిలో ఒకరు అంగన్‌వాడీ ఆయా. ఆమె రెండు రోజులుగా అన్నం తినలేదని వాళ్లబ్బాయి వచ్చి చెప్పాడు. కోర్టు వాయిదా ఇంకా పన్నెండు రోజుల్లో ఉంది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

మిరపతోట
ఐపీ నోటీసు వచ్చిందంటే ఆ డబ్బుకు నీళ్లు వదులుకోవడమే అండీ. 2011లో మా నాన్న ఒక వ్యాపారికి మూడు లక్షల మిరప సరుకు అరువు ఇచ్చారు. ఆరు నెలలకు ఇలాంటి నోటీసే వచ్చింది. లాయరుకు పెట్టే ఖర్చు కూడా దండగ అని మేమెవరమూ కోర్టు గడప తొక్కలేదు. పైసా రాలేదు. ఆ వ్యాపారి తర్వాత కొడుకు పేరుతో మళ్లీ కొట్టు తెరిచాడు.

కిరాణా_కొట్టు
మా వీధిలో పిల్లలు గోళీలాటలో ఓడిపోతే "నేను ఐపీ" అని జేబులు తిరగేసి చూపిస్తారు. మాట అంతగా ఇళ్లలోకి వచ్చేసింది.

వకాల్తా
మిరపతోట గారూ, పైసా రాకపోవడానికి కారణం మీ పోస్టులోనే ఉంది. మీరెవరూ కోర్టుకు వెళ్లలేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ కేసులు చూస్తున్నాను. చిన్న అప్పులవాళ్లు ఓడిపోయేది చట్టం వల్ల కాదు, రాకపోవడం వల్ల.

పద్దుపుస్తకం గారు ముందు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఐపీ పెట్టడం వేరు, కోర్టు దివాలాదారుగా ప్రకటించడం వేరు. ఇప్పుడు జరిగింది మొదటిది మాత్రమే. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ప్రకారం అతను అర్జీ పెట్టాడు, కోర్టు మీకు నోటీసు ఇచ్చింది. మీరు లాయరు చేత వకాల్తా వేయించి కౌంటరు, అంటే మీ జవాబు, దాఖలు చేయవచ్చు. అతని అప్పులు నిజమైనవా, చూపించిన ఆస్తి అంతేనా అని అతన్ని బోనులో నిలబెట్టి అడగవచ్చు. అతను అర్జీ పెట్టినంత మాత్రాన, బాకీ కోసం ఎవరైనా వేసిన దావా ఆగిపోదు. దివాలాదారుగా ప్రకటించాకే దావాను నిలిపివేయాలా, షరతులతో నడవనివ్వాలా అన్న ప్రశ్న వస్తుంది. అప్పటి నుంచి అతని ఆస్తి రిసీవరు, అంటే దాన్ని చూసుకోవడానికి కోర్టు పెట్టే మనిషి, చేతికి పోతుంది. కోర్టు అనుమతి లేకుండా ఎవరూ విడిగా ఆ ఆస్తి మీదికి వెళ్లలేరు. తాకట్టు ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్ల హక్కు వాళ్లకు ఉంటుంది.

కిరాణా_కొట్టు
ఐపీ పెట్టాలంటే ఎంత అప్పు ఉండాలి?

వకాల్తా
ఐదు వందలు. 1920లో పెట్టిన హద్దు, ఇప్పటికీ అదే.

కిరాణా_కొట్టు
ఐదు వందలా! మా కొట్టు ఖాతా పుస్తకంలో సగం ఊరు ఆ హద్దు దాటింది.

గోదారిగట్టు
2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది కదా, ఈ పాత చట్టం ఇంకా ఎందుకు?

వకాల్తా
కంపెనీలకు వచ్చింది. వ్యక్తుల దివాలా గురించి ఆ చట్టంలో మూడో భాగం ఉంది కానీ, కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్లకు మాత్రమే 2019 డిసెంబరు 1 నుంచి అమలు చేశారు. ఎరువుల కొట్టు యజమానికీ, రైతుకూ, టైలరుకూ ఈనాటికీ 1920 చట్టమే దిక్కు.

పాతనోటు
ఆ 34 పేర్లను ఒక్కొక్కటిగా చదవండి. బావమరిది, తోడల్లుడు, కొట్టులో పనిచేసిన కుర్రాడు, ఇలాంటివాళ్లు పెద్ద మొత్తాలతో కనిపిస్తారు. మా మండలంలో ఒకాయన ఐపీలో పద్దెనిమిది లక్షల అప్పు ఇచ్చినట్టు రాసిన మనిషికి రేషను కార్డు తప్ప ఇంకేమీ లేదు. ఉన్న కాస్త ఆస్తినీ పంచేటప్పుడు దామాషా ప్రకారం పంచుతారు. దొంగ ప్రామిసరీ నోట్లు ఎంత పెరిగితే మీ వాటా అంత తగ్గుతుంది. ఎక్కువ భాగం తిరిగి ఆ ఇంటికే చేరుతుంది.

రెండో పని, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే సర్టిఫికెట్టు) తీయించండి. అతని పేరుతోనే కాదు, భార్యా పిల్లల పేర్లతో కూడా.

పద్దుపుస్తకం
పాతనోటు గారూ, మీ మాట చదివి ఈ మధ్యాహ్నమే వెళ్లి ఈసీ తీసుకున్నాను. చేతులు వణికాయి. పోయిన ఏడాది ఆగస్టులో డాబా ఇల్లు కూతురి పేరున గిఫ్టు డీడు రాశాడు. జాబితాలో ఆ ఇల్లు లేదు. అడిగితే పసుపు కుంకుమ కింద ఇచ్చానంటున్నాడు. ఆ అమ్మాయి పెళ్లి జరిగి ఆరేళ్లయింది, భోజనాల దగ్గర వడ్డించినవాణ్ణి నేను.

వకాల్తా
ఇది చాలా ముఖ్యం. ఆ 1920 చట్టంలోనే 53వ సెక్షన్ చూడండి. ఆస్తి బదిలీ చేసిన రెండేళ్లలోపు పెట్టిన అర్జీ మీద దివాలాదారుగా ప్రకటిస్తే, ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. మినహాయింపులు రెండే. పెళ్లికి ముందు, ఆ పెళ్లి కోసమే ఇచ్చినది. లేదా నిజాయితీగా వెల చెల్లించి కొన్నవాళ్లది. పెళ్లయిన ఆరేళ్లకు రాసిన గిఫ్టు ఈ రెండింటిలో దేనికిందికీ వచ్చేలా లేదు. రద్దుకు అర్జీ రిసీవరు వేయాలి. ఆయన వేయకపోతే కోర్టు అనుమతితో మీరే వేయవచ్చు. ఆస్తి దాచినట్టు, కావాలని మోసం చేసినట్టు రుజువైతే 69వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు కూడా ఉంది.

ఈసీ నకలును కౌంటరుకు జత చేయండి.

నేతపని
ఇక్కడ అందరూ ఐపీ పెట్టినవాణ్ణి దొంగ అన్నట్టే మాట్లాడుతున్నారు. నేను ఐపీ పెట్టినవాణ్ణి. చెప్పాల్సింది చెబుతాను.

చీరాల దగ్గర మాది మగ్గాల ఊరు. నూలు అరువు తెచ్చి పన్నెండు మగ్గాలు ఆడించేవాణ్ణి. 2020 లాక్‌డౌనులో నేసిన చీరలన్నీ ఇంట్లోనే ఉండిపోయాయి. పాత వాయిదా తీర్చడానికి నూటికి ఐదు రూపాయల వడ్డీకి కొత్త అప్పు చేశాను. ఏడాది తిరిగేసరికి అసలు ఎంతో వడ్డీ ఎంతో నాకే తెలియలేదు. వసూలు మనుషులు పొద్దున ఆరింటికే అరుగు మీద కూర్చునేవారు. మా ఆవిడ నీళ్లకు బయటికి రావడం మానేసింది. అప్పులకు ప్రాణం తీసుకున్నవాళ్ల ఇళ్లు మా చుట్టుపక్కల ఉన్నాయి. ఆ దారి వద్దనుకొని కోర్టుకు వెళ్లాను. పదిహేడు మంది పేర్లు రాశాను, ఒక్కటీ అబద్ధం కాదు. మగ్గాలు, ఇంటి స్థలం అన్నీ చూపించాను. అర్జీ నంబరు పడిన రాత్రి చాలా నెలల తర్వాత నిద్రపోయాను.

ఇంకొకటి. అర్జీకి నెల ముందు, చేతిలో ఉన్న కాస్త డబ్బుతో మా వీధి ఆడవాళ్ల పొదుపు గుంపుకు 22,000, పాలు పోసే అవ్వకు 3,400 కట్టేశాను. ఐదు రూపాయల వడ్డీవాళ్లను ఆపాను. అది తప్పంటే ఒప్పుకోను.

సరోజ_టీచర్
నేతపని గారూ, మీరు రాసింది చదివాక చాలాసేపు ఏమీ తోచలేదు. ఆ గుంపు ఆడవాళ్లు మీ మేలు మరిచిపోరు.

వకాల్తా
నేతపని గారి మనసు నాకు అర్థమైంది. కానీ చట్టం సంగతి కూడా చెప్పాలి, రేపు ఇంకెవరైనా ఇదే చేయబోతారు. అర్జీకి ముందు మూడు నెలల్లో అప్పు ఇచ్చినవాళ్లలో ఒకరికి మేలు చేయాలనే ఉద్దేశంతో కడితే, 54వ సెక్షన్ కింద దాన్ని రిసీవరు వెనక్కి అడగవచ్చు. మీ కేసులో ఎవరూ అడగలేదంటే మంచిదే. పొదుపు సంఘాలవాళ్లు మాత్రం "ఐపీ పెట్టే ముందు మాకు కట్టేయి" అని బతిమాలి తెచ్చుకున్న డబ్బు పూర్తిగా తమదే అనుకోకూడదు.

మిరపతోట
అంటే పాల అవ్వ దగ్గరి నుంచి కూడా లాక్కుంటారా? ఇదేం న్యాయం!

పాతనోటు
న్యాయమే అండీ. నేతపని గారు పాల అవ్వకు కట్టారు. ఇంకొకడు బావమరిదికి కడతాడు. రెండింటికీ ఒకటే సూత్రం ఉండాలి.

మిరపతోట
మీ లెక్క సరైనదే కావచ్చు. నాకు మింగుడు పడదు.

గుమస్తా_రిటైర్డ్
పద్దుపుస్తకం గారూ, ఆ సభ్యుడి పొదుపు మీ దగ్గర ఎంత ఉంది? అందరూ అప్పు గురించే మాట్లాడుతున్నారు, జమ గురించి ఎవరూ అడగలేదు.

పద్దుపుస్తకం
మొదటి రోజు నుంచి ఉన్న సభ్యుడు. వడ్డీతో కలిపి 46,000 ఉంది. దాన్ని ముట్టుకోవచ్చో లేదో తెలియక అలాగే ఉంచాను.

గుమస్తా_రిటైర్డ్
46వ సెక్షన్ మీకోసమే ఉంది. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా ఉంటే లెక్క చూసి, ఒకదానికి ఒకటి చెల్లువేసి, మిగిలినదే బాకీగా చూపాలి. 1,18,000లో 46,000 పోతే 72,000. మీరు కోర్టులో చూపవలసిన అప్పు అది. ఇలా చేయకుండా పొదుపును రిసీవరుకు అప్పగించి, మొత్తం బాకీకి వాటా కోసం నిలబడితే సంఘం రెండు విధాలా నష్టపోతుంది. నేను పనిచేసిన చోట ఒక సంఘం సరిగ్గా అలాగే చేసింది, ఎవరూ చెప్పేవాళ్లు లేక.

సరోజ_టీచర్
ఆ పొదుపు అతని భార్యా పిల్లలకు ఆఖరి ఆధారం కావచ్చు కదా?

గుమస్తా_రిటైర్డ్
అమ్మా, ఆ ఆధారాన్ని అతను మిగతా 211 మంది ఆధారంతో కలిపి వాడుకున్నాడు. డాబా ఇల్లు కూతురి పేరున భద్రంగానే ఉంది.

డబ్లిన్_తెలుగు
నేను ఐర్లాండులో ఉంటున్నాను. ఇక్కడ మీ పొదుపు సంఘం లాంటివి క్రెడిట్ యూనియన్లు. ఒక పేటవాళ్లో, ఒకే పనిచేసేవాళ్లో కలిసి పొదుపు చేసి, అందులోంచే అప్పు తీసుకుంటారు. 2012లో వ్యక్తిగత దివాలా చట్టం తెచ్చారు. ఇంటి రుణంతో సహా అప్పులన్నీ కలిపి ఒక ఒప్పందం చేసుకోవచ్చు, సాధారణంగా ఆరేళ్ల వరకు కట్టాలి. మధ్యలో లైసెన్సు ఉన్న నిపుణుడు ఉంటాడు కాబట్టి అరుగు మీద ఎవరూ కూర్చోరు. అది నిజంగా మంచి సంగతి.

కానీ అప్పులవాళ్ల ఓటు మొత్తాన్ని బట్టి ఉంటుంది. విలువలో 65 శాతం ఒప్పుకోవాలి, అందులో తాకట్టు ఉన్నవాళ్లలో సగానికి పైగా, లేనివాళ్లలో సగానికి పైగా ఉండాలి. మూడు లక్షల యూరోల ఇంటి రుణం ఇచ్చిన బ్యాంకు పక్కన ఆరు వేలు ఇచ్చిన క్రెడిట్ యూనియన్ గొంతు ఎంత వినిపిస్తుంది? అప్పులవాళ్లు కాదన్నా కోర్టు ఆమోదించే వీలు 2015లో వచ్చింది. ఇక 35,000 యూరోల లోపు అప్పులు ఉండి, ఆస్తి పెద్దగా లేనివాళ్లకు విడిగా ఒక నోటీసు పద్ధతి ఉంది, దానికి ఓటే లేదు. మూడేళ్లు గడిస్తే మాఫీ. పేదలకు అది ప్రాణం పోసినట్టే. ఆ పేదలకు అప్పు ఇచ్చేవాటిలో క్రెడిట్ యూనియన్లు కూడా ఉన్నాయన్నది ఇంకో సగం.

వకాల్తా
డబ్లిన్_తెలుగు గారు మంచి పోలిక తెచ్చారు. మన పాత చట్టంలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. 38వ సెక్షన్ కింద దివాలాదారు రాజీ ప్రతిపాదన పెడితే, అంటే రూపాయికి ఇంత చొప్పున తీసుకొని వదిలేయండి అంటే, అది నెగ్గడానికి విలువలో నాలుగింట మూడు వంతులు చాలదు. తలల లెక్కలో కూడా ఎక్కువమంది ఒప్పుకోవాలి. పది లక్షలు ఇచ్చినవాడిదీ ఒక తల, 72,000 ఇచ్చిన సంఘానిదీ ఒక తల. కానీ ఆ లెక్కలోకి అప్పు రుజువు చేసుకున్నవాళ్లే వస్తారు. ఇంట్లో కూర్చున్నవాడు ఆ తలల్లో ఉండడు.

రుజువు అంటే పెద్ద తతంగం ఏమీ కాదు. అతన్ని దివాలాదారుగా ప్రకటించాక అప్పు వివరాలతో అఫిడవిట్ తయారు చేసి కోర్టుకు రిజిస్టరు పోస్టులో పంపినా చెల్లుతుందని చట్టమే చెబుతోంది. మీ జాబితాలో పాతిక మంది చిన్నవాళ్లు ఉంటారు. వాళ్లందర్నీ కూడగట్టండి.

చీటీపాట
నాదొక సందేహం. మా వీధిలో చీటీలు వేసే ఆవిడ ఐపీ పెట్టింది. నేను 14 నెలలు కట్టాను, పాట ఇంకా పాడలేదు. చీటీ రిజిస్టరు కాలేదు. నా దగ్గర చిన్న పుస్తకంలో ఆవిడ సంతకాలు మాత్రం ఉన్నాయి.

వకాల్తా
ఆ పుస్తకాన్ని జాగ్రత్తగా దాచి, జాబితాలో మీ పేరు ఉందో లేదో చూడండి. లేకపోయినా అడిగే హక్కు ఉంది. రిజిస్టరైన చీటీ అయితే 1982 చట్టం ప్రకారం నడిపేవాళ్లు ముందే పూచీ సొమ్ము కట్టి ఉండేవారు. మీకు ఆ రక్షణ లేదు కాబట్టి సంతకాలే ఆధారం.

సరోజ_టీచర్
ఇన్ని సెక్షన్ల మధ్య ఆ అంగన్‌వాడీ ఆయా సంగతి ఎవరూ మాట్లాడలేదు. అసలువాడు కోర్టు గొడుగు కింద నిలబడ్డాడు. వానంతా ఆమె మీద పడుతోంది. ఆమె జీతమెంత, మీరు వసూలు చేసేదెంత? వదిలేయండి.

పద్దుపుస్తకం
టీచరు గారూ, వదిలేయాలనే నాకూ ఉంది. కానీ ఆమెను వదిలేస్తే రేపటి నుంచి జామీను సంతకానికి విలువ ఉండదు. మా సంఘంలో తాకట్టు లేదు, సంతకమే తాకట్టు. రాత్రంతా ఇదే ఆలోచన.

నేతపని
నా అప్పుకు జామీను ఉన్నది మా మేనమామ. నన్ను కోర్టు కాపాడింది, ఆయన్ని కాపాడలేదు. మూడేళ్లుగా కూలికి వెళ్లి ఆయనకు నెలకు రెండు వేలు ఇస్తున్నాను. చట్టం అడగలేదు, నేనే ఇస్తున్నాను. మీ సభ్యుడితో ఒకసారి నేను మాట్లాడనా?

వకాల్తా
అసలువాడు దివాలా తీసినా, చివరికి కోర్టు అతనికి అప్పుల నుంచి విముక్తి ఇచ్చినా, జామీనుదారు బాధ్యత పోదు. 44వ సెక్షనులో స్పష్టంగా ఉంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. కోర్టు బయట అతనితో మీరు సొంతంగా "ఇంతకు తీసుకొని వదిలేస్తాం" అని రాసుకుంటే, జామీనుదారులు కూడా ఒప్పుకొని సంతకం పెట్టాలి. లేకపోతే కాంట్రాక్టు చట్టం 135వ సెక్షన్ ప్రకారం వాళ్లు బాధ్యత నుంచి బయటపడతారు.

ఆమె విషయంలో బాధ్యత రద్దు చేయడం ఒకటి, గడువు ఇవ్వడం ఇంకొకటి. రెండోది మీ సర్వసభ్య సమావేశం తీర్మానం చేయవచ్చు.

పాతనోటు
వసూలు ఆగిపోయిన సంగతికి నా అనుభవం. మా సంఘంలో ఇలాగే పుకారు లేచినప్పుడు కార్యదర్శి తలుపు వేసుకున్నాడు. రెండు నెలల్లో సంఘం మూతపడింది. బాకీ వల్ల కాదు, ఆ తలుపు వల్ల. మీరు పుస్తకం బయట పెట్టండి, చావడిలో అందరిముందు చదవండి.

గుమస్తా_రిటైర్డ్
అవును. 72,000ను 212 మందికి పంచితే తలకు 340 రూపాయలు. పుకారులో అది లక్షల్లో తిరుగుతూ ఉంటుంది.

పద్దుపుస్తకం
ఇరవై రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

ఆదివారం చావడిలో పద్దు మొత్తం చదివాను, గంటన్నర పట్టింది. గుమస్తా గారు చెప్పిన 340 లెక్క చెప్పగానే జనంలో గొణుగుడు తగ్గింది. ఆపేసిన 23 మందిలో 19 మంది ఆ సాయంత్రమే కట్టారు. పొదుపు వెనక్కి అడిగిన నలుగురిలో ఒకరికి కూతురి చదువు అవసరం నిజంగానే ఉంది, ఇచ్చేశాం. మిగతా ముగ్గురు అర్జీలు చింపేశారు.

జాబితాలోని చిన్నవాళ్లలో తొమ్మిది మందిని ఇంటింటికీ వెళ్లి కలిశాను. టైలరు, ఆటో డ్రైవరు, ట్రాక్టరు మెకానిక్, అందరూ మిరపతోట గారిలాగే నీళ్లు వదులుకొని ఉన్నారు. అందరం కలిసి ఒకే లాయరును పెట్టుకున్నాం, తలా కొంత వేసుకున్నాం. వాయిదా రోజున పది మందిమి హాల్లో వరసగా కూర్చుంటే ఆ సభ్యుడు తలెత్తి మావైపు చూడలేదు. గిఫ్టు డీడు నకలుతో కౌంటరు పడింది. మళ్లీ వాయిదా వచ్చే నెల 14న.

జామీనుదారులిద్దరూ చెరో 36,000 ముప్పై నెలల్లో వడ్డీ లేకుండా కట్టాలని, కోర్టు నుంచి ఏమైనా వస్తే ముందు వాళ్లకే తిరిగి ఇవ్వాలని తీర్మానించాం. ఆయాకు నెలకు 1,200 పడుతుంది. టీచరు గారూ, ఇది కూడా ఆమెకు ఎక్కువేనని తెలుసు. ఇంతకంటే దారి దొరకలేదు. నేతపని గారు ఫోనులో ఆ సభ్యుడితో నలభై నిమిషాలు మాట్లాడారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. మర్నాడు అతను ఆయా ఇంటికి వెళ్లి వచ్చాడని తెలిసింది.

సరోజ_టీచర్
ఆమె మొదటి మూడు వాయిదాలు నేను కడతాను. వివరాలు విడిగా పంపండి.

మిరపతోట
ఈ చర్చ చదివి అటక మీది పెట్టె దించాను. 2011 నోటీసు దొరికింది. చెదలు ఒక మూల కొరికాయి కానీ కేసు నంబరు కనిపిస్తోంది. మా నాన్న దాని వెనక బియ్యం లెక్క రాసుకున్నారు. వకాల్తా గారూ, ఇన్నేళ్ల తర్వాత అడగడానికి ఏమైనా ఉందా?

వకాల్తా
ఆ వ్యాపారికి కోర్టు విముక్తి ఇచ్చిందో లేదో తెలియాలి. ఇవ్వకముందైతే అప్పు రుజువు చేసుకొని షెడ్యూలులో, అంటే కోర్టు ఒప్పుకున్న అప్పుల జాబితాలో, పేరు చేర్చమని ఇప్పటికీ అడగవచ్చు. దివాలా ప్రకటన రద్దయి ఉంటే అది ఇంకో లెక్క, దావా గడువులో మినహాయింపు ఎంత వస్తుందో చూడాలి. ఆ కోర్టుకు వెళ్లి నంబరు చెప్పి తీర్పు నకలుకు అర్జీ పెట్టండి. నకలు వచ్చాక ఇక్కడ రాయండి, నేను చూస్తాను.

మిరపతోట
సోమవారం నాన్నను కూడా తీసుకొని వెళ్తున్నాను.